కట్టప్ప చేతిలో బాహుబలి: ఆ చావు మనల్ని ఎందుకు ఏడిపిస్తుంది

అందరికీ నమస్కారం. ఈ వేళప్పుడు లక్డీకాపూల్ ట్రాఫిక్ దాటుకుని రవీంద్రభారతి దాకా రావడం ఎంత కష్టమో తెలుసు. వచ్చినందుకు చాలా సంతోషం.

ఈరోజు ఒకే ఒక్క సన్నివేశం గురించి మాట్లాడతాను. అమరేంద్ర బాహుబలి చనిపోయే సన్నివేశం. అది నిజంగా మనసుకు తగిలిందా, లేక పెద్ద తెర, పెద్ద సంగీతం కలిసి మన చేత కన్నీళ్లు పెట్టించాయా అన్నది ప్రశ్న. నిజంగానే తగిలిందని నా నమ్మకం. అయితే ఆ బరువు బాహుబలి మీద కన్నా కట్టప్ప మీద ఎక్కువ ఉంది. ఎందుకో చెప్తాను.

ముందు ఆ సన్నివేశానికున్న ఇబ్బంది చూద్దాం. 2015 జులై 10న బాహుబలి మొదటి భాగం వచ్చింది. బాహుబలిని చంపింది తానేనని కట్టప్ప చెప్పడంతో ఆ సినిమా ఆగిపోయింది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఆ మధ్య కాలంలో మన ఊళ్లో ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నా, సిటీ బస్సులో నిలబడ్డా ఒకటే మాట: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? దేశమంతా అడిగింది. దాని మీద లెక్కలేనన్ని జోకులు వచ్చాయి. అప్పటికే జోకైపోయిన చావును మళ్లీ తెర మీద చూపించి జనాన్ని ఏడిపించాలి. కథ రాసిన విజయేంద్రప్రసాద్ గారికి, తీసిన రాజమౌళి గారికి అది ఎంత కష్టమైన పనో ఆలోచించండి. మామూలుగా చావు సీనులో ప్రేక్షకుడిని పట్టి ఉంచేది 'బతుకుతాడేమో' అన్న ఆశ. ఆ ఆశను వాళ్లు మొదటి భాగంలోనే వదిలేసుకున్నారు.

సరే, 'ఎందుకు' అన్నదైనా మిగిలింది కదా అంటారా? అదీ కత్తి దిగకముందే తేలిపోతుంది. రాజమాత, బాహుబలిని పెంచిన తల్లి శివగామి ఆజ్ఞ. కట్టప్పది తరతరాలుగా మాహిష్మతి సింహాసనానికి కట్టుబడిన బానిస వంశం. ఈ పని నా చేత చేయించొద్దని ఆయన బతిమాలుకుంటాడు. నువ్వు చంపకపోతే నేనే చంపుతానన్నట్టు మాట్లాడుతుంది శివగామి. తల్లి చేత్తో కొడుకు చావకూడదని కట్టప్ప ఆ పాపాన్ని తన నెత్తికెత్తుకుంటాడు. అంటే చావు ముందే తెలుసు, చంపేది ఎవరో తెలుసు, కారణమూ తెలిసిపోయింది. ఇక దాచడానికేమీ లేదు. అయినా మనం సీట్లో ముందుకు జరిగి కూర్చుంటాం, గొంతు పట్టేస్తుంది. మనం ఎదురుచూస్తున్నది ఏమిటి మరి? ఆ పెద్దాయన ఆ పని ఎలా చేస్తాడు, చేశాక ఎలా బతుకుతాడు అన్నది. మిగిలిపోయే మనిషి గురించి మన భయం.

ఈ భయం ఊరికే పుట్టలేదు. దీనికి పునాది కుంతల రాజ్యంలో పడింది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ భాగం సాగదీశారని, కామెడీ ఎక్కువైందని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. మొదటి భాగంలో కట్టప్ప ఎలా కనిపిస్తాడు? కత్తి పట్టిన రాయి లాంటి మనిషి. బాహుబలి కొడుకు శివుడి ముఖంలో బాహుబలిని చూసి మోకాళ్ల మీద జారుకుంటూ వచ్చి అతని పాదం నెత్తిన పెట్టుకున్నప్పుడు మన ఒళ్లు గగుర్పొడిచింది. కానీ ఆ కట్టప్ప మీద మనకు గౌరవమే తప్ప చనువు లేదు. చనువు కుంతలలో వచ్చింది. యువరాజు బాహుబలి అమాయకుడి వేషం కట్టాడు. పక్కన కట్టప్ప అతనికి పెద్దదిక్కు వేషంలో ఉన్నాడు. కుంతల యువరాణి దేవసేన ముందు ఇద్దరూ కలిసి ఆడే నాటకం, ఆ పిల్లాడి ప్రేమ చూసి ముసలాయన పడే ముచ్చట, పట్టుబడిపోతామేమోనన్న కంగారు. మాహిష్మతిలో ఉన్నంతకాలం ఒకరు రాజకుమారుడు, ఇంకొకరు బానిస. ఆ పరాయి ఊళ్లో మాత్రం నిజంగా మేనమామా మేనల్లుడూ అయిపోయారు. కట్టప్పగా సత్యరాజ్ గారు అక్కడ నవ్వించడం వల్లే తర్వాత ఆయన కత్తి ఎత్తినప్పుడు మనం తట్టుకోలేకపోయాం. ఆ నవ్వులు కోసేసి నేరుగా కుట్రలోకి వెళ్లి ఉంటే, మనకు దక్కేది ఒక రాజభక్తుడు చేసిన హత్య మాత్రమే.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. కట్టప్ప ప్రమాదంలో ఉన్నాడని తెలిసి, నిండు నెలల భార్యను వదిలి బాహుబలి పరుగెత్తుకొస్తాడు. తనను చంపమని ఆజ్ఞ అందుకున్న మనిషిని కాపాడటానికే వచ్చాడన్నమాట. ఇద్దరూ పక్కపక్కన నిలబడి పోరాడతారు. నువ్వు పక్కనున్నంతవరకూ నన్ను చంపేవాడు పుట్టలేదని ధీమాగా చెప్తాడు బాహుబలి. ట్రైలర్లో ఈ మాటకు ఈలలు పడ్డాయి. సినిమాలో అదే మాట వినలేకపోయాం. కత్తి వెనక నుంచి దిగుతుంది. అప్పుడు ప్రభాస్ ముఖం కన్నా సత్యరాజ్ ముఖం చూడండి. ఈసారి చూసేటప్పుడు ఆయన మీదనే కళ్లు పెట్టి చూడమని నా మనవి. చంపినవాడు ఏడుస్తుంటే, చనిపోతున్నవాడు అమ్మను జాగ్రత్తగా చూసుకోమని అప్పజెప్తున్నాడు. తనను చంపించింది ఆ అమ్మే. ఆ ఒక్క మాటతో కట్టప్పకు చచ్చే దారి కూడా మూసుకుపోయింది. ప్రాణం తీసుకుని ఈ పాపం నుంచి బయటపడే వీలు లేదు, చేయాల్సిన పని ఒకటి మీద పడింది. నా లెక్కలో మొత్తం రెండు సినిమాల్లోకీ ఇదే గొప్ప క్షణం.

దాని తర్వాత వచ్చేదాంతో మాత్రం నాకు పేచీ ఉంది. ప్రాణం పోయే ముందు బాహుబలి బండ మీద, సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుని మాహిష్మతికి జై కొడతాడు. ఆ ఫ్రేమ్ అందంగా ఉంది, పోస్టర్‌కి బాగా పనికొస్తుంది. కానీ అంతవరకూ కట్టప్ప ఒళ్లో పెరిగిన పిల్లాడిగా చనిపోతున్న మనిషి ఒక్కసారిగా విగ్రహం అయిపోయాడు. అభిమానికి హీరో తల వంచి పోకూడదు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా నా కళ్లు ఆరిపోయింది అక్కడే. చేతులెత్తి మొక్కాలనిపించింది, ఏడవాలనిపించలేదు.

మళ్లీ కన్నీళ్లు వచ్చింది శివగామి ముందు. కట్టప్ప వెళ్లి అసలు కుట్ర ఎవరిదో చెప్తాడు. రమ్యకృష్ణ గారి ముఖంలో రాజమాత, తల్లి ఒకేసారి కూలిపోతారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా చూసే జనం ఎలాంటివాళ్లో మీకు తెలుసు. హీరో ఎంట్రీకి కాగితాలు చల్లి, తెర ముందు డాన్సులు చేసే జనం. వాళ్లు ఆ సీనులో చప్పుడు లేకుండా కూర్చోవడం నేను చూశాను. అప్పటికి బాహుబలి తెర మీద లేడు. ఉన్నది తప్పు చేసి మిగిలిపోయిన ఇద్దరు పెద్దవాళ్లు.

మన పాత నాటకకర్తలకు ఈ సంగతి తెలుసు. సంస్కృత నాటకాల్లో సాధారణంగా చావును రంగస్థలం మీద చూపించరు. భాసుడి ఊరుభంగం లాంటివి అరుదు, అందులో దుర్యోధనుడు మన కళ్ల ముందే పోతాడు. కరుణమే ఏకైక రసం అనిపించిన భవభూతి ఉత్తరరామచరితంలో ఏడిపించేది చావు కాదు, సీతను అడవికి పంపి బతికున్న రాముడు.

తెలుగు సినిమాలోనూ నిలిచిపోయిన చావులు ఇలాంటివే. 1980లో వచ్చిన శంకరాభరణం గుర్తు చేసుకోండి. కచేరీ మధ్యలో సంగీత విద్వాంసుడు శాస్త్రిగారికి ఊపిరి అందదు. పాట ఆగిపోతుందేమోనని మనం కంగారు పడుతుంటే ఆయన శిష్యుడైన పిల్లవాడు అందుకుంటాడు. శాస్త్రిగారు పోయారన్న దుఃఖం, పాట ఆగలేదన్న ఆనందం రెండూ కలిసి వస్తాయి, ఏ కన్నీరు దేనిదో విడదీయలేం. నాకు చావు సీను అంటే ఇప్పటికీ అదే కొలత.

మన హైదరాబాద్ కథే ఇంకొకటి ఉంది, 2019లో వచ్చిన జెర్సీ. ముప్ఫై ఆరేళ్ల వయసులో మళ్లీ బ్యాటు పట్టిన రంజీ ఆటగాడు అర్జున్. కొడుకు అడిగిన 500 రూపాయల జెర్సీ కొనలేని తండ్రి. అతని గుండెకు జబ్బుందని, ఆట అతని ప్రాణం తీసిందని మనకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. సాగదీసిన ఆఖరి మాటలేవీ లేవు. ఎదిగిన కొడుకును చూస్తూ ఆ నిజం వింటాం. వెంటనే మన మనసు వెనక్కి పరుగెడుతుంది. ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న రోజులు, భార్యతో గొడవలు, రైల్వే స్టేషన్లో రైలు చప్పుడులో కలిసిపోయేలా అరిచిన అరుపు, అన్నీ కొత్తగా కనిపిస్తాయి. అప్పటిదాకా బాధ్యత లేని మొగుడనుకున్నవాడు ఏం దాచుకుని బతికాడో అర్థమవుతుంది. చావును దాచి ఇంతలా ఏడిపించడం మామూలు పనితనం కాదు. తీసిన గౌతమ్ తిన్ననూరి గారికి, అర్జున్‌గా నటించిన నాని గారికి ఆ గౌరవం దక్కాలి.

ఈ కొలతతోనే బాహుబలి మీద నాకున్న పెద్ద ఫిర్యాదు చెప్తాను. అది దేవసేన గురించి. మిగిలిపోయినవాళ్లలో అందరికన్నా ఎక్కువ పోగొట్టుకుంది ఆమె. చేతిలో పసిగుడ్డు, భర్త లేడు. ఆ వేళ ఆమె ఏడుపుకు సినిమా ఇచ్చిన చోటు చాలదు. కట్టప్పకు దక్కింది, శివగామికి దక్కింది, ఆమెకు దక్కలేదు. కథ బిడ్డను కాపాడే హడావుడిలో పడిపోతుంది. అనుష్క గారు ఆ బరువు మోయగలరని అందరికీ తెలుసు. దీనికి ఒక జవాబు ఉంది, అది మొదటి భాగంలో ఉంది. సంకెళ్లతో ఇరవై అయిదేళ్లుగా ఎండుపుల్లలు ఏరుతుంది, ఆ కుట్ర పన్నిన భల్లాలదేవుడి చితికోసం. ఆమె దుఃఖమంతా ఆ పుల్లల్లోనే ఉంది. చిక్కేమిటంటే ఆ దుఃఖం 2015లో వచ్చింది, దానికి కారణమైన చావు 2017లో వచ్చింది. రెంటినీ కలుపుకునే పని మన జ్ఞాపకానికి వదిలేశారు.

రెండు భాగాలనూ కలిపి 2025 అక్టోబర్ 31న ఒకే సినిమాగా మళ్లీ విడుదల చేశారు కదా. మొదటిసారి అలా చూసిన పిల్లలకు రెండేళ్ల ఎదురుచూపు లేదు, ఆ జోకులు తెలియవు. దేవసేన పుల్లలు, కట్టప్ప కత్తి ఒకే కూర్చోవడంలో చూశారు. వాళ్లకు కుంతల నవ్వులు గుర్తొచ్చాయా, బండ మీద కూర్చున్న బాహుబలి దగ్గర ఏడుపొచ్చిందా, దేవసేన కోసం బాధ పడ్డారా? నాకు తెలుసుకోవాలని ఉంది. వెనక వరుసల్లో కాలేజీ పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. మైకు ముందు మీకే పంపిస్తాను, నాతో ఒప్పుకోనివాళ్లు మొదట మాట్లాడండి.