చెరువు గట్టును వెనక నుంచి చూడండి

అందరికీ నమస్కారం.

డెల్టా జనానికి గట్టు గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. చేలగట్టు, కాలువ గట్టు, ఏటిగట్టు మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. ఒక్క గట్టును మాత్రం గట్టుగా చూడడం మానేశాం: పైన టైల్సు పరిచి, బెంచీలు వేసి, చెరువులో పెడల్ బోట్లు దింపి పార్కు చేసుకున్న ఊరి చెరువు గట్టును.

ఏటిగట్టుకు కాపలా ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. పెద్ద ఆనకట్టలకు 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం ఉంది. అది 15 మీటర్లు మించిన వాటికీ, కొన్ని షరతుల మీద 10 నుంచి 15 మీటర్ల వాటికీ వర్తిస్తుంది. మన 3 మీటర్ల గట్టు ఏ లెక్కలోకీ రాదు. చిన్నదే కదా అనుకుంటాం. ఐదెకరాల చెరువులో నేల మట్టానికి పైన 2 మీటర్ల నీరు నిలిస్తే 4 కోట్ల లీటర్లు. గండి పడితే ఆ నీళ్లు వెళ్లేది పల్లంలో ఉన్న పేటలోకి.

చెరువు చూడడానికి వచ్చిన వాళ్లంతా నీళ్ల వైపే చూస్తారు. గట్టు ఆరోగ్యం మాత్రం వెనక వైపు, బయటి పాదం దగ్గర, అంటే వాలు నేలను తాకే చోట తెలుస్తుంది. ఏ మట్టిగట్టయినా ఊరుతుంది, ఊరడం తప్పు కాదు. ఆ ఊట ఎక్కడ బయటపడుతోంది, మట్టిని వెంట తెస్తోందా అన్నదే ప్రశ్న.

ఒక లెక్క చూద్దాం. గట్టు ఎత్తు 3 మీటర్లు, పైవెడల్పు 3 మీటర్లు. లోపలి వాలు 1కి 3, అంటే మీటరు ఎత్తుకు 3 మీటర్ల అడ్డం; బయటి వాలు 1కి 2.5. అడుగున వెడల్పు 19.5 మీటర్లు వస్తుంది. నీరు 2 మీటర్లు ఉంటే, లోపలి పాదం నుంచి 6 మీటర్ల దూరంలో నీటి అంచు వాలును తాకుతుంది. గట్టు లోపల ఊట గీత, అంటే ఇంకిన నీటి పైమట్టం, అక్కడి నుంచి దిగడం మొదలవుతుంది. మంచి బంకమట్టిలో ప్రతి 4 మీటర్లకు 1 మీటరు దిగుతుందని వాడుక లెక్క, అంటే 8 మీటర్లలో నేలకు చేరుతుంది. ఆ చోట గట్టు మందం ఇంకా 2 మీటర్ల పైనే. ఇసుకపాలు ఎక్కువైన మట్టిలో 6 మీటర్లకు 1 చొప్పున దిగుతుంది, 12 మీటర్లు పడుతుంది. అక్కడ ఊట మీద మిగిలే మట్టి 0.6 మీటరే. ఇప్పుడు పార్కింగు కోసం వెనక పాదాన్ని రెండు మీటర్లు చెక్కేశామనుకోండి. ఆ 0.6 మీటరు కూడా ఉండదు, ఊట గోడలోంచి కారుతుంది. పొక్లెయిన్‌కు అది అరపూట పని.

మట్టి విషయంలో మనకు రెండు చిక్కులు. నల్లరేగడి నీటిని బాగానే ఆపుతుంది, కానీ కాలువలు కట్టేసిన ఎండాకాలంలో చెరువు అడుగంటితే నెర్రెలిస్తుంది. జూన్‌లో కాలువ వదలగానే ఒక్కసారిగా చెరువు నింపితే నీళ్లు ఆ నెర్రెల్లోంచే దారి వెతుక్కుంటాయి. అందుకే రేగడిని ఎండకు వదలకూడదు, పైన 30 సెంటీమీటర్ల ఎర్ర గ్రావెల్ పొర ఉండాలి. నెర్రెల్లో ఇసుక పోయడం, సిమెంటు పాలు పోయడం రెండూ దండగ. నెర్రె అడుగు కనిపించేదాకా వి ఆకారంలో తవ్వి, తడి మట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి.

రెండో చిక్కు సముద్రం దగ్గరి మండలాల్లోని ఉప్పు నేలలది. సోడియం ఎక్కువున్న బంకమట్టి చూడటానికి గట్టిగానే ఉంటుంది, నీరు తగిలితే పాలలా విడిపోతుంది. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. గాజు గ్లాసులో బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) పోసి, శనగగింజంత మట్టిబెడ్డ మెల్లగా వదిలి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. బెడ్డ చుట్టూ పొగలాంటి కలక లేస్తే ఆ మట్టితో గట్టు వేయొద్దు. బోరు నీళ్లతో చేస్తే ఫలితం తప్పుతుంది, నీళ్లలోని ఉప్పే కలకను అణిచేస్తుంది. కలక రాకపోయినా పూర్తి భరోసా లేదు, నమూనాను ల్యాబుకు పంపాల్సిందే.

పాత గట్టును వెడల్పు చేసేటప్పుడు గడ్డి, వేర్లు, పైమట్టి తీసేయాలి. పాత వాలును మెట్లుగా చెక్కి, 15 సెంటీమీటర్ల పొరల్లో కొత్త మట్టి పరిచి రోలరుతో తొక్కించాలి. పిడికిట నొక్కితే ముద్ద కావాలి, చేతికి అంటకూడదు. తేమ అంత ఉంటే చాలు. జేసీబీ బకెట్టుతో నాలుగు దెబ్బలు కొట్టడాన్ని తొక్కించడం అనరు.

ఇక అందం సంగతి. గట్టుకు ఎక్కువ హాని చేసేది ముచ్చటపడి చేయించుకునే పనులే. కొబ్బరి మొక్కలు వరసగా నాటితే ఫొటోకు బాగుంటుంది. తుపానులో చెట్టు కూలితే వేళ్లతో పాటు బండెడు మట్టి లేచిపోతుంది. చచ్చిన చెట్టు వేళ్లు కుళ్లితే నీటికి సొరంగాలు. చెట్లన్నీ బయటి పాదానికి కనీసం 5 మీటర్ల అవతల ఉండాలి. గట్టు మీద గరిక చాలు, అదీ పొట్టిగా కోసి ఉంచాలి. గడ్డి మోకాలెత్తు పెరిగితే పందికొక్కు బొరియ కనపడదు. బొరియలు, ఎండ్రకాయల కన్నాలు కనిపిస్తే తొమ్మిది పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి, జారుగా చేసి, అడుగుదాకా నింపాలి.

లైటు స్తంభాల కోసం గట్టు పొడవునా కేబుల్ గాడి తవ్వి వదులు మట్టితో పూడిస్తే వాన నీరంతా అందులోనే నిలుస్తుంది. టైల్సు పరిస్తే కింద పడిన నెర్రె, కుంగుడు కనపడవు. గట్టు పైభాగం గ్రావెల్‌తో, చెరువు వైపు కొద్దిగా వాలి ఉంటే సరిపోతుంది. బోటు ఎక్కడానికి గట్టును తొలిచి మెట్లు కట్టే బదులు తేలే వేదిక పెట్టుకోండి. ఇంజను బోట్ల అలలు లోపలి వాలును కోస్తాయి, పెడల్ బోట్లే మేలు. అలలు తగిలే ఎత్తులో రాతి పరుపు ఉండాలి. రాళ్ల కింద 15 సెంటీమీటర్ల గ్రావెల్ పొర లేకపోతే సందుల్లోంచి మట్టి కొట్టుకుపోయి రాళ్లు కూర్చుండిపోతాయి.

గట్టు మీదుగా నీరు పొర్లితే మట్టి నిలవదు. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అలాగే కొట్టుకుపోయింది. మన చెరువుకు కాపు కలుజు, అంటే మిగులు నీరు పోయే దారి. 50 ఎకరాల నుంచి నీరు చెరువులోకి దిగుతుందనీ, గంటకు 60 మిల్లీమీటర్ల వాన కురిసి అందులో సగం పారుతుందనీ అనుకుందాం. సెకనుకు సుమారు 1.69 ఘనమీటర్లు, దాదాపు 60 క్యూసెక్కులు. ఇది 30 సెంటీమీటర్ల లోతున పోవాలంటే కలుజు సుమారు 6 మీటర్ల వెడల్పుండాలి. అప్పుడు గట్టుకు ఇంకా 70 సెంటీమీటర్ల మిగులు ఎత్తు ఉంటుంది.

ఈ లెక్కను తలకిందులు చేసేది చేపల వేలం పాట. చేపలు దాటిపోకుండా పాటదారు కలుజుకు అడ్డంగా వల కడతాడు. గుర్రపుడెక్క, కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ కవర్లు వచ్చి వలకు పడితే అది గోడే. ఇంకో జానెడు నీరు ఆపుదామని చెక్కలు పెట్టేవాళ్లూ ఉన్నారు. వల, చెక్కలు కలుజులో పెట్టకూడదని పాట ఒప్పందంలోనే రాయించండి. చేపల కోసం కంచె కావాలంటే కలుజుకు దూరంగా, చెరువు లోపల, అంతకు నాలుగైదు రెట్ల పొడవున వేసుకోవాలి.

పక్కవాళ్ల చెరువుల సంగతి డెల్టాలోనే వస్తుంది. గట్టుకు ఆనుకుని రొయ్యల చెరువు ఉంటే రెండు వైపులా నీరుండి గట్టు నిమ్మళంగా ఉంటుంది. వాళ్లు పట్టుబడికి చెరువు తోడేసిన రోజు భారమంతా ఒక వైపుకు వస్తుంది. తోడే ముందు పంచాయతీకి చెప్పాలని మాట తీసుకోండి. మన చెరువునూ ఒక్కసారిగా దించకూడదు. రోజుకు 30 సెంటీమీటర్లు మించితే తడిసిన లోపలి వాలు జారిపోవచ్చు. పూడిక పేరుతో అడుగు లోతుగా తవ్వినా ప్రమాదమే. పాత ఏటిపాయల ఇసుక చాలాచోట్ల బంకమట్టి పొర కిందే ఉంటుంది. ఆ పొర తెగితే చెరువు నిలవదు.

వెనక పాదం దగ్గర ఊట కనిపిస్తే బకెట్టు పెట్టి ఎన్ని నిమిషాలకు నిండిందో, అప్పటి నీటిమట్టంతో సహా రాసుకోండి. నీరు తేటగా, ఎప్పటిలాగే ఉంటే గమనిస్తూ ఉండొచ్చు. చెరువు మట్టం పెరగకపోయినా ఊట పెరిగితే, లేదా కలక తిరిగితే బుంగ మొదలైనట్టే. తూము గొట్టం చుట్టూ ముందుగా చూడండి, అక్కడ మట్టి సరిగా కూరుకోదు. బుంగను వెనక నుంచి మూసేయకూడదు. మూస్తే నీరు పక్కనే ఇంకో దారి చేసుకుంటుంది. బుంగ మీద ముతక ఇసుక, దాని మీద సన్న రాతి చిప్స్, ఆపైన 20 మిల్లీమీటర్ల కంకర వేస్తే నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. చుట్టూ ఇసుక బస్తాలతో రింగు కట్టి, లోపల నీటిని కొంత ఎత్తు నిలవనివ్వాలి. నీళ్ల వైపు సుడి కనిపిస్తే నీరు దూరే చోటు అదే. టార్పాలిన్ పరిచి, పైన బస్తాలు దించాలి. సుడి దగ్గర ఎవరినీ నీళ్లలోకి దించకండి. ఈలోగా తూము తెరిచి నీరు దించుతూ, పల్లపు పేటలో ఇంటింటికీ కబురు పంపాలి. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు 30 సెంటీమీటర్ల లెక్క పక్కన పెట్టాల్సిందే.

కోనసీమను 1996 నవంబరు 6న తుపాను కొట్టింది. మనకు అక్టోబరు, నవంబరు నెలలే గండం. కాబట్టి సెప్టెంబరు ఆఖరుకల్లా రెండొందల ఖాళీ బస్తాలు, ఒక ట్రాక్టరు ముతక ఇసుక, ఒక ట్రాక్టరు కంకర, రెండు టార్పాలిన్లు, టార్చిలైట్లు గట్టు దగ్గరే ఉండాలి. ఇసుక ఇంటి పనులకు పోకుండా చూసుకోండి. తూము షట్టరు మరకు గ్రీజు పెట్టి, ఒకసారి పూర్తిగా ఎత్తి దించండి. దాని హ్యాండిలు ఒకటి పంచాయతీ ఆఫీసులో, రెండోది చెరువుకు దగ్గరి ఇంట్లో ఉంచండి. వాన పడే రాత్రి ఆఫీసుకు తాళం వేసి ఉంటుంది.