"వాకింగ్" అనగానే లేచిన కుక్క అసలు ఏం విన్నది?

"మా కుక్కకి అన్నీ అర్థమవుతాయండీ, కావాలనే మాట వినదు."

ఈ మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే దీని వెనకే తిట్లు వస్తాయి, ఒక్కోసారి దెబ్బ కూడా పడుతుంది. తను చేసిన తప్పేంటో ఆ కుక్కకి తెలియనే తెలియదు. మనం చెప్పింది దానికి మాటగా చేరిందో లేదో ముందు చూసుకోవాలి కదా.

ఒకే ఒక్క మాట తీసుకుందాం: "వాకింగ్". ఆ మాట అనగానే మీ కుక్క లేచి తలుపు దగ్గరికి పరిగెడుతుంది. అర్థమైందని మనం మురిసిపోతాం. కానీ ఆ మాట అనేటప్పుడు ఇంకా ఏమేం జరుగుతున్నాయో చూడండి. రోజూ అదే వేళ. మీరు కుర్చీలోంచి లేచారు. చెప్పుల వైపు చూశారు. గొంతులో హుషారు వచ్చింది. మేకుకి తగిలించిన గొలుసు గలగలమంది. కుక్కకి ఇదంతా కలిపి ఒకటిగా అందుతోంది. అందులో మాట వాటా ఎంత?

[తెర మీద: సోఫాలో కూర్చున్న మనిషి, వెనక పడుకున్న కుక్క]

ఇంట్లోనే చూడొచ్చు. వేళ కాని వేళ, కూర్చున్న చోటునుంచి కదలకుండా, కుక్క వైపు చూడకుండా, వార్తలు చదివినట్టు చప్పగా "వాకింగ్" అనండి. చెవి ఒకటి ఇటు తిప్పి మళ్లీ పడుకునే కుక్కలు బోలెడు. తర్వాత ఇంకో రోజు, సరిగ్గా వేళకి, గొలుసు పక్కన నిలబడి, ఎప్పటి హుషారుతోనే "వాకిలి!" అనండి. చాలా ఇళ్లలో తోక ఊపుకుంటూ వచ్చేస్తుంది. వస్తే మాత్రం నిజంగానే తీసుకెళ్లండి. పరీక్ష పేరుతో ఆశపెట్టి మోసం చేయడం నాకు నచ్చదు.

మరి "వాకిలి"కి ఎందుకొచ్చింది? గొలుసు, గొంతు, వేళ సగం పని చేశాయి. మిగతా సగం కుక్క వినే తీరులో ఉంది. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో 2020లో ఒక ప్రయోగం చేశారు. ఇళ్లలో పెరిగే మామూలు కుక్కల తలమీద ఎలక్ట్రోడ్లు అతికించి, మాటలు వినిపిస్తూ మెదడు తరంగాలు చూశారు. తెలిసిన మాటకీ, దానితో ఏ పోలికా లేని అర్థంలేని మాటకీ తేడాని మెదడు ఇట్టే పట్టేసింది. కానీ తెలిసిన మాటలో ఒక్క ధ్వని మార్చినప్పుడు ఆ తేడా కనిపించలేదు.

ఇది చెవి లోపం అనుకోకండి. శబ్దం ఎంత కీచుగా ఉందో హెర్ట్జ్‌లలో కొలుస్తారు. మనకి 20,000 హెర్ట్జ్ దగ్గర వినికిడి ఆగిపోతే, కుక్క దాదాపు 45,000 దాకా వింటుంది. వినగలదు, కానీ మాటలో ప్రతి చిన్న ధ్వనినీ పట్టించుకోదేమో అని ఆ పరిశోధకుల అంచనా. నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. పట్టించుకోవాల్సిన అవసరం దానికి ఎప్పుడొచ్చింది? వాకింగ్‌కీ వాకిలికీ తేడా తెలియక దాని బతుకులో ఏదీ ఆగలేదు.

ఇక్కడిదాకా విని, "అయితే కుక్కకి మాటతో పనిలేదు, గొంతు చాలు" అని కొందరు అటు దూకేస్తారు. ముద్దుగా తిట్టినా తోక ఊపుతుంది కదా అంటారు. అదీ తప్పే. అదే ఊళ్లో 2016లో, అటీలా ఆండిక్స్ బృందం 13 కుక్కలకి ఎంఆర్ఐ మెషిన్లో కదలకుండా పడుకోవడం నేర్పింది. మత్తు ఇవ్వలేదు, కట్టేయలేదు. మెచ్చుకునే మాటలనీ, మామూలు మాటలనీ, మెచ్చుకునే గొంతుతో ఒకసారి, చప్పటి గొంతుతో ఒకసారి వినిపించారు. మెదడులో సంతోషానికి స్పందించే భాగాలు బాగా చురుకైంది ఎప్పుడంటే, మెచ్చుకునే మాట మెచ్చుకునే గొంతుతో వచ్చినప్పుడే. అంటే మీ "వాకింగ్"లో మాటకీ వాటా ఉంది. ఒంటరిగా నిలబడేంత బలం దానికి ఇంకా రాలేదు, అంతే.

ఆ బలం వస్తే ఏమవుతుందో చేసర్ చూపించింది. అమెరికాలో జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ పెంచిన, బోర్డర్ కోలీ అనే జాతి కుక్క అది. మూడేళ్లలో 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. నాకు ఆ అంకె కన్నా పరీక్ష పెట్టిన తీరు ముఖ్యం. బొమ్మలు కనపడని చోట ఉంచి, పేరు చెప్పి, తెమ్మనేవారు. పిల్లీ కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించి లాభం లేదు, భుజం ఎటు తిరిగిందో చూసి లాభం లేదు. మాట ఒక్కటే ఆధారం. ఆ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి.

కానీ దయచేసి మీ కుక్కని చేసర్‌తో పోల్చకండి. వస్తువుల పేర్లు అలా నేర్చుకునే కుక్కలు చాలా అరుదు. "కూర్చో", "రా", "ఆగు" లాంటి పనుల మాటలే మామూలు కుక్కలకి తేలిక. కెనడా పరిశోధకులు 165 మంది కుక్కల యజమానుల్ని అడిగి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో కుక్క స్పందించే మాటలు సగటున 89 అని తేలింది. యజమానులు చెప్పిన లెక్కే అయినా, అది తక్కువేం కాదు.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూడండి. ఒకరు "వాకింగ్ వెళ్దామా", ఇంకొకరు "బయటికి పోదాం పద", పిల్లలేమో "రారా రారా". ఒకే పనికి మూడు శబ్దాలు. ఇంకో చిక్కు మన క్రియల్లోనే ఉంది: "ఎక్కు", "ఎక్కొద్దు". రెండూ ఒకేలా మొదలవుతాయి. వద్దనేది చివర్లో వస్తుంది, కుక్క అప్పటికే సోఫా ఎక్కేసి ఉంటుంది. మనమేమో మొండిది అంటాం. వద్దనడానికి "నో" అనో "దిగు" అనో పూర్తిగా వేరే శబ్దం పెట్టుకోండి. ఇంట్లో అందరూ అదే వాడండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. మాట ముందు, చేతి సైగ తర్వాత. రెండూ కలిపి చూపిస్తే కుక్క సైగనే పట్టుకుని మాటని వదిలేస్తుంది. పేరు ఊరికే పదిసార్లు పిలవకండి, పిలుపు అరిగిపోతుంది. వేగంగా రావాలంటే "చక్ చక్ చక్" లాంటి పొట్టి శబ్దాలు వరసగా, నెమ్మదించాలంటే "ఆ...గు" అని సాగదీసిన ఒక్క శబ్దం. కుక్కకి తెలియకూడదని "వా... కిం... గ్" అని విడగొట్టి చెప్పుకునేవాళ్లు, నాలుగు రోజులు పోతే ఆ శబ్దానికీ లేచి నిలబడుతుంది, చూసుకోండి.

చెవులు వినపడని కుక్కలు ఇదంతా చేతి సైగలతోనే నేర్చుకుంటాయి. దానికి పది నిమిషాలు సరిపోవు, ఇంకో వీడియో చేస్తాను.