ఆయిల్ హీటర్‌కు చోటు ఎక్కడ?

శ్రోతలకు నమస్కారం. చలికి గదిలో పెట్టుకునే ఆయిల్ హీటర్‌కు ఇంట్లో ఏ చోటు మంచిదో ఈ పూట చెప్పుకుందాం.

ఇందులోని నూనె కిరసనాయిలులా కాలదు, తరగదు. రేకుల లోపల సీలు వేసి ఉంటుంది. అడుగున ఉన్న కాయిల్ ఆ నూనెను కాస్తుంది, వేడి రేకులకెక్కి గాలికి అందుతుంది. పొగ రాదు, మంట కనిపించదు. అందుకే చాలామంది ధైర్యంగా దాన్ని మంచానికి ఆనించేస్తారు. ప్రమాదమంతా ఆ ధైర్యంతోనే.

చోటు వెతకడం గోడకున్న సాకెట్ దగ్గర మొదలుపెట్టండి. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల సరఫరా మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికి తట్టుకోలేదు, లోపల వైరు తొడుగు మెత్తబడి కరుగుతుంది. 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌లోనే నేరుగా ప్లగ్గు పెట్టాలి. మొదటి రోజు అరగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్గు దగ్గర అరచెయ్యి ఉంచి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. సెగ కొడుతున్నా, పిన్నుల మొదట్లో ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా సాకెట్‌లో పట్టు వదులైందని అర్థం. ఆ వదులు దగ్గరే వేడి పుడుతుంది. సాకెట్ మార్పించేదాకా హీటర్ వెయ్యకండి.

అలాగని సాకెట్‌కు సరిగ్గా కింద హీటర్ పెట్టకూడదు. వేడి నిటారుగా పైకి లేచి ప్లగ్గునే కాస్తుంది. పక్కకు జరపండి. వైరు రేకులకు తగలకూడదు, తివాచీ కింద నుంచి పోకూడదు.

ఇక చుట్టూ దూరం. తెరలు, పరుపు, సోఫా, పేపర్లు, ఇలా అంటుకునేది ఏదైనా హీటర్‌కు గజం దూరంలో ఉండాలి. గజమంటే మూడడుగులు, రెండు మూరలు. మోచేతితో కొలుచుకోవచ్చు. మంచం మీద నుంచి వేలాడే దుప్పటి అంచు దగ్గర నుంచి కొలవండి, మంచం కోడు దగ్గర నుంచి కాదు. ఇరుకు మూలలో దూరిస్తే ఇంకో నష్టం ఉంది: వేడి గాలి అక్కడే నిలిచి, హీటర్‌కున్న థర్మోస్టాట్ గది వెచ్చబడిందనుకుని ముందే కరెంటు ఆపేస్తుంది. గది చల్లగానే ఉంటుంది.

కిటికీ కింద పెడితే అద్దం మీద నుంచి జారే చలిగాలిని అక్కడే వెచ్చబరుస్తుంది. నిజానికి మంచి చోటే. కానీ తెర నేలదాకా వేలాడుతుంటే మాత్రం కిటికీ సంగతి మరిచిపోండి.

తడి బట్టలు రేకుల మీద ఆరేయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. దయచేసి మానండి. గాలి ఆడక రేకులు మితిమీరి కాగుతాయి, నీటిచుక్కలు స్విచ్‌లలోకి దిగుతాయి. స్నానాలగదిలోకి అసలు తీసుకెళ్లొద్దు.

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. చక్రాలు బిగించకుండా వాడితే హీటర్ ఒరుగుతుంది. అది పడిపోతే కాయిల్‌ను కప్పి ఉండాల్సిన నూనె పక్కకు జరిగి, కాయిల్ ఒట్టిగా కాగుతుంది. వెంటనే గోడ దగ్గరి స్విచ్ ఆపండి. పూర్తిగా చల్లారాక నిలబెట్టి, నూనె అడుగుకు దిగేదాకా కాసేపు వదిలెయ్యండి. నేల మీద నూనె మరక కనిపిస్తే ఇక దాన్ని ప్లగ్గులో పెట్టకండి.