మద్ది చెక్క తాగండి, గోలీలు మాత్రం మానకండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఎండ దిగకముందే వచ్చి కూర్చున్న అమ్మలకు, అయ్యలకు దండాలు. రక్తప్రసరణకు మద్ది చెక్క, అంటే మద్ది చెట్టు బెరడు, ఎంతవరకు పనికొస్తుందో చెప్పమన్నారు. మహారాష్ట్ర అంచున ఉన్న మన సిరొంచలో ఈ చెక్క మాట ఎత్తని ఇల్లు లేదు. అందుకని మర్యాదల మాటలు ఇక్కడితో ఆపి చెట్టు దగ్గరికి పోదాం.

బల్ల మీద రెండు చెక్క ముక్కలు పెట్టాను. కుడివైపుది తెల్లమద్ది. ప్రాణహిత ఒడ్డున, వాగుల వెంట, నీటి తడి తగిలేచోట పెరుగుతుంది కాబట్టి ఏరుమద్ది అని కూడా అంటారు. పైభాగం నున్నగా, బూడిద కలిసిన తెలుపులో ఉండి, పలుచని పెద్ద పెళ్లలుగా ఊడుతుంది. లోపలివైపు లేత ఎరుపు. ఎడమవైపుది నల్లమద్ది. మొసలి వీపులాగా లోతైన పగుళ్లు, నల్లటి రంగు. మందుగా వాడేది మొదటిది. మన దగ్గర తికమక ఎక్కడొస్తుందంటే, మరాఠీలో తెల్లమద్దిని అర్జున్ అంటారు, అర్జున సాదడా అనీ అంటారు. నల్లమద్దిని ఐన్ అంటారు, దాన్నీ సాదడా అనేవాళ్లున్నారు. అంగట్లో ఉత్త ‘సాదడా’ అని అడిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం. చెట్టు కనబడితే కాయ చూడండి. రెండింటికీ అయిదు రెక్కలే. తెల్లమద్ది కాయ రెక్క సన్నగా, బిరుసుగా ఉంటుంది, ఈనెలు పైకి వంగి పోతాయి. నల్లమద్ది రెక్క వెడల్పు, ఈనెలు అడ్డంగా అంచుదాకా పోతాయి. పొడి చేశాక ఈ గుర్తులేవీ మిగలవు. అందుకే పొడి కొనకండి, చెక్క కొని ఇంట్లో దంచుకోండి. విరిస్తే టక్కుమని విరగాలి. వంగితే తడి ఉన్నట్టు, ముక్కిన వాసన వస్తే బూజు పట్టినట్టు. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

వండే పద్ధతి చెబుతా, రాసుకునేవాళ్లు రాసుకోండి. గుండె జబ్బుకు ఈ చెక్కను పాతకాలపు ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడు చెప్పాడు. తర్వాత చక్రదత్తుడు పాలతో, నేతితో, బెల్లం నీళ్లతో ఇవ్వమన్నాడు. పాలతో చేసేదే క్షీరపాకం. చెక్క ఒక వంతు, పాలు ఎనిమిది వంతులు, నీళ్లు ముప్పై రెండు వంతులు. అంటే 5 గ్రాముల బరక పొడికి 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లన్నీ ఇగిరి పాలంత మిగిలేదాకా సన్నటి మంట మీద కలుపుతూ కాచి వడకట్టాలి. మంట పెద్దదైతే అడుగంటుతుంది, వగరు పెరిగి పాలు విరుగుతాయి. ఇనుప మూకుడులో మాత్రం కాచకండి. చెక్కలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే సిరాలాగా నల్లబడుతుంది. స్టీలు గిన్నె గానీ మట్టి గురిగి గానీ మంచిది. ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాలు చెప్పే సర్కారు పుస్తకం, ఈ పాకానికి చెప్పిన మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాముల పొడి. తలకొట్టిన చిన్న చెంచాకు రెండు మూడు గ్రాములు పడుతుంది. గుప్పెడు వేసుకుంటే గుండెకు గుప్పెడు బలం రాదు, మలబద్ధకం వస్తుంది. ఇక అర్జునారిష్టం అని సీసాల్లో దొరికేదాంట్లో ఈ చెక్కతోపాటు ద్రాక్ష, మన ఇప్పపువ్వు, బెల్లం పడతాయి. అది పులిసి తయారయ్యే మందు కాబట్టి కొంత సారా గుణం ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు, కాలేయం చెడినవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఏ మోతాదు అయినా దవాఖానలో ఇచ్చిన గోలీలతో పాటే. ఈ ఒక్క మాట దగ్గర నేను ఆగాలి. మిగతాది తర్వాత చెబుతా.

మద్ది చెక్క వల్ల జరిగే చెరుపులో పెద్దది చెక్కలో లేదు. చెక్క మొదలుపెట్టిన నాడే గోలీలు మూలన పెట్టడంలో ఉంది. ఒంట్లో బాగుంది కదా, ఇంకా గోలీ ఎందుకు అంటారు. అయ్యా, గోలీ పనిచేస్తోంది కాబట్టే బాగుంది! స్టెంట్ అంటే రక్తనాళంలో పెట్టిన లోహపు జాలి. దాని మీద నాళపు లోపలి పొర పెరిగి కప్పేదాకా రక్తం అక్కడ గడ్డ కట్టాలని చూస్తూనే ఉంటుంది. ఆ గడ్డను ఆపుతున్నవి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. వాటిని మధ్యలో మానితే జాలి ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. ఆ పని మద్ది చెక్క చేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి గోలీలు హఠాత్తుగా ఆపితే గుండె దడ ఎగబడుతుంది, తగ్గిన నొప్పి తిరగబెడుతుంది. ఒంట్లో నీరు లాగే గోలీ మానితే కాళ్లు ఉబ్బుతాయి, రాత్రి పడుకుంటే ఊపిరాడదు.

పరిశోధనల్లో పనిచేసిందన్నారు కదా అని అడుగుతారు. అన్నారు. 1995లో గుండె బాగా బలహీనపడిన 12 మందికి చెక్క సారం 500 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి ఇచ్చి చూశారు, మేలు కనబడింది. కానీ వాళ్ల మామూలు మందులు ఆపలేదమ్మా, వాటి మీద చేర్చి ఇచ్చారు. 2016లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఇంకా ఎక్కువమందికి, ఉత్తుత్తి మందుతో పోల్చి 12 వారాలు ఇచ్చి చూస్తే గుండె రక్తాన్ని నెట్టే శక్తి పెరగలేదు. రెండు సంగతులూ తెలిసి ఉండాలి. మొదటిదే చెప్పి పొట్లం అమ్మేవాళ్లను నమ్మకండి. మీ ఇంట్లో నాన్నకో అత్తమ్మకో స్టెంట్ ఉంటే ఇవాళ ఇంటికి పోగానే గోలీల డబ్బా తెరిచి చూడండి. నెల పట్టీ నిండుగా ఉందంటే మింగడం లేదన్నట్టే.

రక్తప్రసరణ అనే మాట కూడా మనం గంపగుత్తగా వాడుతున్నాం. నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే వదిలేస్తుందంటే కాలి ధమని ఇరుకైందని అనుమానించాలి. దీనికి పెద్ద కారణాలు బీడీ, షుగర్. మన చేతులతో తునికాకు కోసి పంపితే అదే చుట్టుకొని మన కాళ్లలోకి వస్తోంది. బీడీ మానకుండా ఏ చెక్క తాగినా ఆ నాళం బాగుపడదు. ఒక్క కాలే వాచి, వేడెక్కి, నొప్పి పెడితే సిరలో గడ్డ కావచ్చు. ఆ కాలిని పిసకొద్దు, నూనె మర్దన చేయొద్దు, అదే రోజు దవాఖానకు పోవాలి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే పాకం కాచే పనే లేదు, 108కి ఫోన్ చేయాలి. జిల్లా కేంద్రం గడ్చిరోలి మనకు 200 కిలోమీటర్లకు పైమాటే. గోదావరి వంతెన దాటి తెలంగాణ వైపు పోవాలా, ఇక్కడి దవాఖానలో ముందు ఈసీజీ తీయించాలా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకొని పెట్టుకోండి. ఆ రాత్రి వాదించుకునే టైమ్ ఉండదు.

చీటీ వచ్చింది, టైమ్ అయిందంటున్నారు. ఎవరు తాగకూడదో చెప్పకుండా దిగలేను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు. వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. రక్తం గడ్డకట్టే పరీక్ష లెక్క తప్పే ప్రమాదం ఉంది. బీపీ, షుగర్ గోలీలు వేసుకునేవాళ్లకు ఈ చెక్కతో బీపీ, షుగర్ ఇంకా దిగి కళ్లు తిరగొచ్చు. మొదటి రెండు వారాలు కొలిపించుకోండి. ఐరన్ గోలీకీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే వగరు ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపి, ఆ సంగతి సర్జన్‌కు చెప్పండి.

చెట్టు గురించి ఒక్క నిమిషం. మొదలు చుట్టూ గాజు తొడిగినట్టు వలిచేస్తున్నారు. ఆకులో తయారైన ఆహారం వేరుకు దిగే దారి ఆ పట్టలోనే ఉంది. చుట్టూ తెగితే వేరు ఎండుతుంది, చెట్టు నిలువునా చస్తుంది. దసలి పట్టు పురుగుకు మేత కూడా ఈ మద్ది ఆకే. చెట్టు పోతే పట్టు కాయ తీసేవాళ్ల కూడు పోతుంది. ముదురు చెట్టు నుంచే తీయండి. నిలువు పట్టీగా, చుట్టుకొలతలో నాలుగో వంతు మించకుండా, కట్టెకు అంటుకున్న లేత పొర అలాగే ఉండేలా కొడవలితో పైపైన తీయాలి. ఆ గాయం పూడేదాకా ఇంకోవైపు చెయ్యి పెట్టొద్దు.

ఈ రెండు ముక్కలూ ఇక్కడే ఉంచుతున్నా. దగ్గరికొచ్చి చేత్తో పట్టుకొని, గోటితో గీకి చూసుకొని పొండి. గోలీల చీటీ తెచ్చినవాళ్లు ఇటువైపు కూర్చోండి, ఒక్కొక్కటీ చూద్దాం.