సచివాలయంలో అసలు సంగతి చెప్పండి

శ్రోతలకు నమస్కారం.

విజయవాడలో ఏ పేటలోనైనా పొద్దున పదిన్నరకు వార్డు సచివాలయం దగ్గర కాసేపు నిలబడి చూడండి. వచ్చిన ప్రతివాళ్ల చేతిలో ఒక పాలిథిన్ కవరు ఉంటుంది. అందులో ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు. కులం సర్టిఫికెట్టో, ఆదాయం సర్టిఫికెట్టో, పింఛను సంగతో అడుగుతారు, పని చూసుకుని వెళ్లిపోతారు. ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం వాళ్లు చెప్పరు, కుర్చీలో ఉన్నవాళ్లు అడగరు. ఈరోజు నేను మాట్లాడదలుచుకున్నది ఆ చెప్పని సంగతి గురించే.

రాణిగారితోటలో ఒక తల్లి ఉందనుకోండి. భర్త చాలాకాలంగా వేరే ఉంటున్నాడు. పెద్దవాడు ఇంటర్ ఫస్టియర్ తప్పి కాలేజీ మానేశాడు. చీకటి పడ్డాక ఇంటికొస్తాడు, ఎక్కడికెళ్లావురా అంటే కసురుకుంటాడు. చిన్నది ఆరో తరగతి. బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడలేదని ఆవిడ సచివాలయానికి వెళ్తుంది. కంప్యూటర్లో చూసిన అమ్మాయి, "హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే మా కుటుంబాల జాబితాలో, మీ ఆయన కూడా ఉన్నారమ్మా, ఆయన కరెంటు మీటరు మీ కుటుంబానికే కలిసి వాడకం ఎక్కువ చూపిస్తోంది, అందుకే ఆగింది" అంటుంది. "ఆయన మాతో ఉండట్లేదు మేడమ్." "అయితే ఆయన్ని ఆ జాబితాలో విడదీయమని స్ప్లిట్‌కి పెట్టుకోవాలి. విడాకుల కాగితం ఉందా?" కాగితం ఎక్కడిది? ఆవిడ కవరు సర్దుకుని ఇంటికొచ్చేస్తుంది.

డబ్బు పడకపోవడం ఒక్కటే ఆ రోజు బయటికొచ్చిన విషయం. భర్త సంగతి, కొడుకు చదువు, వాడి మనసులో ఉన్నది, అన్నీ ఆ వెనకాలే ఉన్నాయి. ఇబ్బందులు ఇంటికి మూటకట్టుకుని వస్తాయి, సాయం మాత్రం శాఖల వారీగా ఉంటుంది. అంగన్‌వాడీ ఒకరిది, ఆసుపత్రి ఇంకొకరిది, పొదుపు సంఘాలు పట్టణ పేదల కోసం పనిచేసే మెప్మా సంస్థవి, కోర్టు సంగతి సరేసరి. మునిసిపాలిటీలు ఏమేం చూడొచ్చో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 18 అంశాలు చెప్పింది. మురికివాడల అభివృద్ధి ఉంది, పార్కులు, ఆటస్థలాలు ఉన్నాయి, చివరికి బందెలదొడ్డికి కూడా చోటుంది. కుటుంబాలకు అండగా ఉండటం అన్నది మాత్రం విడిగా ఎక్కడా లేదు.

2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాక ఒక మేలు జరిగింది. సుమారు 4 వేల జనాభాకు ఒక ఆఫీసు పెట్టి, చదువు చూసే కార్యదర్శిని, సంక్షేమం చూసేవాళ్లని, ఆరోగ్యం చూసే ఏఎన్ఎంని, జనం మహిళా పోలీస్ అని పిలిచే మహిళా సంరక్షణ కార్యదర్శిని ఒకే చోటికి చేర్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, నష్టం రాసుకోవడానికి గడప గడపకూ తిరిగింది ఈ సచివాలయాల సిబ్బందే. మన వార్డులో ఫలానా వాళ్లు ఉన్నారని చాలామందికి అప్పుడే తెలిసింది. ఆ పరిచయాన్ని మళ్లీ వాడుకున్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఆ తల్లికి ఏ దారులున్నాయో చూద్దాం. భర్త విషయంలో లాయరు ఫీజుకి భయపడక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. ఫోన్ నంబరు 15100. కొట్టడం, బెదిరించడం ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, ఆ క్షణానికి ప్రమాదమైతే 112 ఉంది.

పిల్లాడి సంగతి కొంచెం నెమ్మదిగా మాట్లాడుకోవాలి. ఇంటర్ చదువుకి పేరుబడ్డ ఊరు మనది. హోర్డింగుల నిండా ర్యాంకులు, ఫొటోలే. తప్పినవాడి ఫొటో ఎక్కడా ఉండదు. రిజల్ట్స్ వచ్చిన వారంలో ఇంట్లో అందరికీ టెన్షనే. చుట్టాలు ఫోన్లు చేసి మార్కులు అడుగుతారు, ఆ కుర్రాడు గదిలోంచి బయటికి రాడు. ఆ సమయంలో "ఇంత ఖర్చుపెట్టి చదివిస్తే..." అని మొదలుపెట్టకండి. ముందు అన్నం తినిపించండి. వాడు ముభావంగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్నట్టు ఒక్క మాట అన్నా దాన్ని తేలిగ్గా తీసుకోకుండా, వాణ్ణి ఒంటరిగా వదలకుండా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తల్లిదండ్రులు కూడా తమ బాధ చెప్పుకోవచ్చు.

చదువు విషయానికొస్తే, సప్లిమెంటరీ పోయినా దారి మూసుకుపోదు. పదో తరగతి పాసై 15 ఏళ్లు నిండినవాళ్లు ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టొచ్చు. పుస్తకాలంటే విసుగొచ్చినవాడికి ఐటీఐ ఉంది, పదో తరగతి మీద చాలా ట్రేడులు దొరుకుతాయి. ఎలక్ట్రీషియనో ఫిట్టరో అయ్యాడని చిన్నచూపు చూసే చుట్టాలే, రేపు ఏసీ పాడైతే వాడికోసం వెతుక్కుంటారు.

చిన్నపిల్లలుంటే అంగన్‌వాడీ సంగతి మీకు తెలిసిందే, గుడ్లూ బాలామృతం తెచ్చుకుంటారు. బరువు తూచినప్పుడు ఆ అంకె ఎంతో కూడా అడగండి. మాట ఆలస్యమైనా, చూపూ వినికిడీ తేడాగా అనిపించినా ఏఎన్ఎంకి చెబితే ఉచిత పరీక్షలకు పంపిస్తారు.

మన రైల్వే జంక్షన్‌కి ఇంట్లో అలిగి వచ్చేసే పిల్లలు కొత్తేమీ కాదు. ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా తిరిగే పిల్లాడు కనిపిస్తే పది రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిపోకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. అలా దొరికిన పిల్లల్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని చట్టం.

సచివాలయాల్లో అంతా సవ్యంగా ఉందని నేననను. వాళ్లకి సర్వేల మీద సర్వేలు. పైగా విడిగా కూర్చుని మాట్లాడుకునే గది ఉండదు. మన వీధివాళ్లే పదిమంది లైన్లో ఉంటే, మా ఆయన వదిలేశాడని ఎవరు చెబుతారు? 2025 జనవరి నుంచి ప్రభుత్వం వారి 'మన మిత్ర' వాట్సాప్ సేవలో చాలా సర్టిఫికెట్లు ఫోన్లోనే వస్తున్నాయి. అలా సిబ్బందికి మిగిలిన సమయంలో వారానికి ఒక పూటైనా తలుపు వేసుకుని కుటుంబాల మాట వినే ఏర్పాటు కార్పొరేషన్ చేయాలని నా అభిప్రాయం.

అది వచ్చేదాకా, రద్దీ లేనప్పుడు వెళ్లి మహిళా పోలీసుని గానీ ఏఎన్ఎంని గానీ "మీతో విడిగా మాట్లాడాలమ్మా" అని అడగండి. అదీ ఇబ్బందైతే మీ పొదుపు సంఘాల పని చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ని) వెంట తీసుకెళ్లండి. డబ్బు సంగతొక్కటే కాకుండా మొత్తం చెప్పండి. అర్జీ ఇస్తే రసీదు అడిగి తీసుకోండి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, ఆ రసీదు జిరాక్సు అక్కడ పనికొస్తుంది. మీ సచివాలయం ఎక్కడో తెలియకపోతే అంగన్‌వాడీ టీచర్ని అడగండి, చెబుతారు.

ఉంటానండీ, సెలవు.