రోడ్స్ ముట్టడి

నమస్కారమండీ. ఈ పూట రోడ్స్ పట్టణం గురించి మాట్లాడుకుందాం. నేటి టర్కీ తీరానికి దగ్గర్లో ఉన్న గ్రీకు దీవిలో రేవు పట్టణం అది. ఊరికి ఈజిప్టుతో వర్తకమే ప్రాణం. అందుకే ఈజిప్టు పాలకుడు టాలమీ మీద యుద్ధానికి మాతో కలిసి రండని అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన ఆంటిగోనస్ అడిగితే, రోడ్స్ వాళ్ళు రామన్నారు.

దాంతో క్రీ.పూ. 305లో ఆంటిగోనస్ కొడుకు డెమెట్రియస్ 200 యుద్ధనౌకలు, 40 వేల మంది సైనికులతో వచ్చి పడ్డాడు. ఊళ్ళో పోరాడగలిగిన పౌరులను లెక్కేస్తే ఆరు వేల మంది, బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఇంకో వెయ్యి.

అప్పుడు వాళ్ళు చేసిన తీర్మానాలే నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా అనిపిస్తాయి. ధైర్యంగా పోరాడిన బానిసలను యజమానుల దగ్గర కొని, విడిపించి, పౌరసత్వం ఇస్తామన్నారు. చనిపోయినవాళ్ళ తల్లిదండ్రులనూ పిల్లలనూ ప్రజల ఖజానాయే పోషిస్తుంది, ఆడపిల్లల పెళ్ళికి కట్నం కూడా ఊరే ఇస్తుంది. నేను పోతే ఇంట్లోవాళ్ళ గతేమిటి అన్న టెన్షన్ లేకుండా గోడెక్కి నిలబడాలంటే ఆ మాట చాలా అవసరం కదండీ!

డెమెట్రియస్ తొమ్మిది అంతస్తుల చెక్క బురుజు కట్టించాడు. పేరు హెలెపోలిస్, అంటే పట్టణాలను పట్టేది. ఎనిమిది చక్రాలు, మూడు వైపులా ఇనుప రేకులు, కదిలించడానికి 3,400 మంది. ఒక రాత్రి రోడ్స్ వాళ్ళు దాని మీద నిప్పు బాణాలు కురిపించారు. కొన్ని రేకులు ఊడి చెక్క బయటపడేసరికి డెమెట్రియస్ హడలిపోయి, లోపల దాచిన నీళ్ళతో మంటలార్పించి, బురుజును వెనక్కి లాగించుకున్నాడు. తెల్లారాక పడినవన్నీ ఏరించి లెక్కపెట్టిస్తే నిప్పు అస్త్రాలే 800 పైన, యంత్రాలతో విసిరిన బాణాలు 1,500కు తగ్గకుండా తేలాయి! ఒక్క రాత్రిలో ఒక చిన్న ఊరు అన్ని విసిరిందా అని ఆశ్చర్యపోయాడట.

ఊరివాళ్ళు తమ నాటకశాల గోడ రాళ్ళు పీకి, గుళ్ళ రాళ్ళు కూడా తెచ్చి, లోపల రెండో గోడ కట్టుకున్నారు. టాలమీ ఓడల్లో ధాన్యం పంపాడు. చివరికి 304లో సంధి కుదిరింది. రోడ్స్ ఆంటిగోనస్‌కు మిత్రురాలిగా ఉండటానికి ఒప్పుకుని, 100 మందిని పూచీగా పంపింది, కానీ టాలమీ మీద మాత్రం కత్తి ఎత్తనంది. ఏడాది పాటు వాళ్ళు పోరాడింది ఆ ఒక్క మాట కోసమే.

డెమెట్రియస్ వదిలివెళ్ళిన యంత్రాలను అమ్మిన డబ్బుతో రోడ్స్ వాళ్ళు తమ సూర్యదేవుడు హేలియోస్‌కు కంచు విగ్రహం పోయించారు. అదే దీవిలోని లిండోస్‌కు చెందిన శిల్పి ఖారెస్‌కు 12 ఏళ్ళు పట్టింది. ఎత్తు 70 మూరలు.