పాత రూమ్ హీటర్ కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు ఇలా చూసుకోండి

[తెర మీద: అనంతపురంలో ఒక ఇల్లు. బల్ల మీద పాత ఫ్యాన్ హీటర్.]

నమస్కారం. అనంతపురంలో హీటర్‌తో ఏం పని అని చాలామంది అడుగుతారు. మే నెల ఎండలు చూసినవాళ్లు అలాగే అంటారు. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ముసలివాళ్లకూ, ఇంట్లో బాలింత ఉంటే పసిబిడ్డకూ చలి బాగా తెలుస్తుంది. ఆ రెండు నెలల కోసం కొత్తది ఎందుకని పాతది వెతుక్కుంటాం. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసి వచ్చేవాళ్ల సామాన్లలో ఒకటి దొరుకుతుంది కూడా. పాతది కొనడంలో తప్పేమీ లేదు. బిడ్డ ఉన్న గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టడం కన్నా వంద రెట్లు నయం. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

సరే, హీటర్ దగ్గరికి వద్దాం. అమ్మేవాళ్లను "అన్నా, ఒకసారి వేసి చూపిస్తావా?" అంటే, "చూడప్పా, వేడి వస్తా ఉంది కదా" అంటారు. వేడి వస్తే సరిపోదు. పాడైన హీటర్ కూడా వేడి ఇస్తుంది. వేడెక్కకూడని చోట వేడెక్కుతోందా, ఆగాల్సినప్పుడు ఆగుతోందా అన్నది మనం చూసుకోవాలి.

[దగ్గరి షాట్: ప్లగ్గు పిన్నులు]

స్విచ్ వేయకముందే ప్లగ్గు చేతిలోకి తీసుకోండి. పిన్నుల మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందా? కాస్త కరిగి పిన్ను ఊగుతోందా? ఇదిగో, ఈ ప్లగ్గు చూడండి, ఎడమవైపు పిన్ను చుట్టూ నల్లటి గీత ఉంది. వదులు సాకెట్‌లో నడిపితే ఇలాగే మాడుతుంది. తర్వాత వైరును ప్లగ్గు దగ్గరా, హీటర్‌లోకి వెళ్లే చోటా మెల్లగా వంచండి. బిరుసుగా ఉన్నా, పగిలినా, మధ్యలో టేపు చుట్టి ఉన్నా వద్దనేయండి. ఎర్త్ పిన్ను, అంటే లావుగా ఉండే మూడో పిన్ను, లేని ఇనప బాడీ హీటర్‌ను ముట్టుకోనే వద్దు.

వెనక స్టిక్కర్ మీద వాట్లు రాసి ఉంటాయి. మన దేశంలో రూమ్ హీటర్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే అది అసలుదో నకిలీదో తెలిసిపోతుంది.

[దృశ్యం: 16 ఆంపియర్ల సాకెట్‌లో ప్లగ్గు పెట్టడం]

2000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అందుకే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి, 6 ఆంపియర్లది చాలదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టి చూపిస్తామంటే ఒప్పుకోకండి.

ఆన్ చేశాక కాసేపు దుమ్ము కాలిన వాసన వస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. ఫ్యాన్ తిరుగుతున్నా కాయిల్ ఒకవైపు ఎర్రగా కణకణలాడుతుంటే అక్కడ గాలి ఆడట్లేదన్నమాట. లోపల దుమ్ము పేరుకుని ఉండొచ్చు. పావుగంట నడవనిచ్చి, స్విచ్ ఆపి, ప్లగ్గు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంతగా కాలితే మరో సాకెట్‌లో ఇంకోసారి చూడండి. అక్కడా కాలిందంటే తప్పు ప్లగ్గుదే.

థర్మోస్టాట్ నాబ్‌ను నెమ్మదిగా తగ్గిస్తూ రండి. ఒకచోట టిక్కుమని హీటర్ ఆగాలి. అడుగున చిన్న బటన్ ఉన్న మోడళ్లు పక్కకు వంచగానే ఆగిపోవాలి. కటాఫ్, అంటే మరీ వేడెక్కితే హీటర్‌ను ఆపేసే ఏర్పాటు, పనిచేస్తుందో లేదో చూద్దామని హీటర్ మీద తువ్వాలు కప్పేవాళ్లున్నారు. ఆ పని అస్సలు వద్దు, గుడ్డ అంటుకుంటుంది.

[దగ్గరి షాట్: కరెంటు మీటర్, మినుకుమనే ఎర్ర లైటు]

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పరీక్ష. అమ్మేవాళ్ల ఇంటికే వెళ్లి కొంటున్నారా? ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపమని అడిగి, హీటర్ ఒక్కటే ఫుల్లో పెట్టి మీటర్ చూడండి. మీటర్ మీద 3200 ఐఎంపీ/కేడబ్ల్యూహెచ్ అని ఉందనుకోండి, యూనిట్‌కు ఆ ఎర్ర లైటు 3200 సార్లు వెలుగుతుంది. 2000 వాట్ల హీటర్ గంటకు రెండు యూనిట్లు కాల్చాలి కాబట్టి నిమిషానికి దాదాపు 107 సార్లు వెలగాలి. మీటర్ 1600ది అయితే అందులో సగం. ఫోన్‌లో వీడియో తీసుకుని నిదానంగా లెక్కపెట్టుకోండి. 3200 మీటర్‌లో 53 దగ్గరే ఆగిందంటే ఒక కాయిల్ పోయింది. 2000 వాట్లకు డబ్బిచ్చి 1000 వాట్లు కొంటున్నారన్నమాట.

అయితే 80 దగ్గర వచ్చిందనుకోండి, అప్పుడు హీటర్‌ను తప్పు పట్టకండి. వోల్టేజీ 200కు పడిపోతే 2000 వాట్ల హీటర్ ఇచ్చేది సుమారు 1500 వాట్లే. ఊళ్లలో లో వోల్టేజీ మనకు కొత్త కాదు కదా.

మల్టీమీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ తెలిసుంటే పని ఇంకా సులువు. ప్లగ్గును సాకెట్ నుంచి తీసేసి, హీటర్ స్విచ్ ఫుల్లో పెట్టి, ఎర్త్ కాని రెండు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూస్తే 2000 వాట్లకు 26 ఓమ్‌లు, 1000 వాట్లకు 53 ఓమ్‌ల దగ్గరదగ్గర రావాలి. ఎర్త్ పిన్నుకూ ఇనప బాడీకీ మధ్య దాదాపు సున్నా చూపాలి. మిగతా రెండు పిన్నుల నుంచి బాడీకి అసలు రీడింగే రాకూడదు. వస్తే షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

ఆయిల్ హీటర్ అయితే అడుగున వేలితో తుడిచి చూడండి. జిడ్డు అంటితే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి, లీకు బాగు చేయడం కుదిరే పని కాదు. వేడెక్కేటప్పుడు టకటకమన్నా కంగారు పడక్కర్లేదు, రేకు వ్యాకోచిస్తుంది అంతే. రాడ్ హీటర్‌లో ఒక రాడ్ వెలగకపోతే కొత్త రాడ్ ధర కనుక్కుని ఆ మేరకు తగ్గించమని బేరమాడండి.